తువ్వాలు కప్పిన తెర

నెవిల్ స్టేస్ సముద్రంలో పడి ఐదు గంటలు దాటింది. ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉంది. ఆగస్టు నెల నీళ్లు. మనిషి గట్టివాడు. చీకటి పడేలోపు దొరికితే బతుకుతాడు, ఆ తర్వాత దొరికితే శవమే అని తీర రక్షణ దళం డాక్టరు ఫోన్‌లో ఏ మాటా దాచకుండా చెప్పాడు.

సార్జెంట్ లవ్‌డే రోజ్‌వియర్ పోర్త్‌కెన్నా రేవు ఆఫీసు మెట్లెక్కి పైగదిలోకి వచ్చేసరికి, ఇన్‌స్పెక్టర్ అడ్రియన్ ఫెల్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని విచారణ నడిపిస్తున్నాడు. అతని చేతిలో ఉన్న టీ కప్పు ఆమెది. అంచు చుట్టూ నీలిగీత ఉన్న ఆ కప్పును ఆమె ఇంటి నుంచి తెచ్చి అక్కడ పెట్టుకుంది. రేడియో దగ్గర ఉన్న కానిస్టేబుల్ టామ్సిన్ ఆమె చూపు ఎటు పోయిందో గమనించి తల దించుకుంది.

ఫెల్ ఒకప్పుడు లవ్‌డే దగ్గర పని నేర్చుకున్నవాడు. మూడేళ్ల కిందట ఇన్‌స్పెక్టర్ పదవి ఖాళీ అయినప్పుడు ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. అతను పెద్దాఫీసుకు వెళ్లాడు, ఆమె ఈ రేవులోనే ఉండిపోయింది. అప్పటినుంచి అతని పేరు వినబడితే చాలు, ఆమె నాలుక మీద చేదు తగులుతుంది. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా ఒప్పుకోదు. మొహం మీద ముడతలు సరిచేసుకుని మాట్లాడుతుంది, అంతే.

"రండి సార్జెంట్ గారూ," అన్నాడు ఫెల్. "మీరొచ్చేసరికి పని దాదాపు అయిపోయింది."

"ఏ పని? మనిషి దొరికాడా?"

"నీళ్లలో మనిషిని వెతకడం హెలికాప్టరు పని. తోసినవాణ్ణి పట్టుకోవడం మన పని."

అతని ఎదురుగా కూర్చున్నవాడు లెన్ గారొడ్. ఎండకు మెడ కమిలిపోయి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లో చేప పొలుసులు ఇంకా ఎండి అతుక్కునే ఉన్నాయి.

లెన్, నెవిల్ ఇద్దరూ సముద్రం ఆనవాలు లేని లోపలి ఊళ్లవాళ్లు. ఒకే ఫ్యాక్టరీలో పనిచేసి విరమించినవాళ్లు. తొమ్మిదేళ్లుగా ఏటా ఆగస్టు నెలంతా పెథ్రిక్ నాన్స్ పడవ 'సీ పింక్'ని మాట్లాడుకుని, గాలి ఒప్పుకున్న ప్రతిరోజూ చేపలకు వెళతారు. నెల మొత్తంలో ఎవరు పెద్ద చేప పడితే వాళ్ల పేరు రేవు తక్కెడ పక్కన నల్లబల్ల మీద మరుసటి ఆగస్టు దాకా ఉంటుంది. తొమ్మిదేళ్లుగా ఆ పేరు నెవిల్‌దే.

ఫెల్ వాదన అక్కడే మొదలయింది. పోయిన వారం సారాయి కొట్టులో లెన్ అందరి ముందూ నెవిల్‌ని దొంగ అన్నాడు. పైగా నెవిల్ గాలానికి మంచి చేప తగిలినప్పుడు లెన్ చేతిలోని కత్తి తగిలి దారం తెగింది. పొరపాటున తగిలిందని లెన్ అన్నాడు, ఎవరూ నమ్మలేదు. ఈ పొద్దున పడవలో ఉన్నది ముగ్గురు. సరంగు పెథ్రిక్ చక్రం దగ్గర ఉన్నాడు. మిగిలింది లెన్. ఇంతకన్నా ఏం కావాలన్నాడు ఫెల్.

లవ్‌డే ఇంకో కుర్చీ లాక్కుని లెన్ పక్కన కూర్చుంది.

"సూటిగా అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మీ స్నేహితుడంటే మీకు కుళ్లా?"

"తొమ్మిదేళ్ల కుళ్లు మేడమ్," అన్నాడు లెన్. "వాడి పక్కన కూర్చుంటే నా ఎర చేపలకు కనబడదు. ఇంటికెళ్లాక మా ఆవిడ కూడా ముందు వాడి చేప ఎంత తూగిందనే అడుగుతుంది." వేలి మీది పొలుసొకటి గిల్లాడు. "కానీ వాడు పోతే నేనిక ఎవర్ని చూసి కుళ్లుకోను?"

ఫెల్ నవ్వాడు. లవ్‌డే నవ్వలేదు.

పొద్దున జరిగింది మొదటినుంచి చెప్పమంది. ఒడ్డు దాటగానే పలుచటి మంచు కమ్మిందని, తాను క్యాబిన్‌లో ఓ కునుకు తీశానని, లేచేసరికి చుట్టూ తెల్లగా తప్ప ఏమీ కనబడలేదని లెన్ చెప్పాడు. వెనక అంచున చోటు మంచిదని ఎవరికైనా తెలుసు. రోజూ పొద్దున చీటీ వేసుకుని చోట్లు తీసుకుంటారు. ఇవాళ కూడా వెనక చోటు నెవిల్‌కే వచ్చింది. లెన్ అలిగి ముందు భాగానికి పోయి గాలం వేశాడు. ఇద్దరి మధ్యా సరంగు గది అడ్డం. ఎప్పుడో ఒక కేక వినబడింది. పరుగెత్తి వెళితే పెథ్రిక్ అంచు పట్టుకుని నీళ్లలోకి చూస్తున్నాడు. ఎర్రటి జాకెట్ అప్పటికే ప్రవాహంలో దూరంగా పోతోంది. మంచులో కలిసిపోయింది.

"వెంటనే పడవ తిప్పలేదా?"

"తిప్పాలంటే లంగరు తీయొద్దా? ఇరుక్కుపోయింది. పెథ్రిక్ లాగలేక లాగలేక చివరికి తాడు కోసేశాడు. ఈలోగా వాడు పోయాడు."

లవ్‌డే లంగరు అన్న మాటను లోపల దాచుకుని లేచింది.

పెథ్రిక్ నాన్స్ పక్కగదిలో ఒక్కడే ఉన్నాడు. డెబ్భైకి దగ్గరపడిన మనిషి. లవ్‌డే తండ్రి, అతనూ ఒకప్పుడు ఒకే పడవలో సగం సగం వాటాదారులు. ఆమె చిన్నప్పుడు అతని భుజమెక్కి ఈ గట్టు మీద ఊరేగింది. టామ్సిన్ ఇచ్చిన కుంకుమపువ్వు రొట్టె అతని ముందు ముట్టుకోకుండా ఉంది.

"దొరికాడా అమ్మాయ్?"

"లేదు బాబాయ్. ఎక్కడ పడ్డాడో ఇంకోసారి చెప్పు."

కారెగ్ తిన్నె మీద అన్నాడు పెథ్రిక్. రేవుకు ఎదురుగా, చిన్నపిల్లలు కూడా తెడ్డు వేసుకుని పోయే ఇసుకతిన్నె. చపటచేపల కోసం ఎప్పటిలాగే ప్రవాహంతో పాటు పడవను జారనిస్తున్నామని, నెవిల్ అంచు మీద ఎక్కువ వంగాడని, మరుక్షణం లేడని చెప్పాడు. గొంతు వణికింది. రేడియోలో కేక వేసింది తానేనని, ఆ వణుకులో ఎర్ర మీట సంగతి గుర్తే రాలేదని కూడా చెప్పాడు. ఆ మీట నొక్కితే పడవ ఎక్కడుందో దానంతట అదే అందరికీ తెలిసిపోతుంది.

"లంగరు వేయలేదా?"

"తిన్నె మీద లంగరెవరు వేస్తారమ్మాయ్? మీ నాన్న వింటే నవ్విపోతాడు."

ఆమె తల ఊపింది. తిన్నె మీద ఎవరూ వేయరు. మరి లెన్ కళ్లముందు పెథ్రిక్ కోసిన తాడు దేనిది? ఇద్దర్లో ఒకడు అబద్ధమాడుతున్నాడు. లెన్‌కి ఆ అబద్ధంతో పనిలేదు, తిన్నె మీద ఏం చేస్తారో ఏం చేయరో తెలిసినవాడూ కాడు.

పెథ్రిక్‌ని అక్కడే ఉండమని చెప్పి, తలుపు దగ్గర కాపలా పెట్టి, మెట్లు దిగి పడవ దగ్గరకు నడిచింది.

'సీ పింక్' లోపలి గట్టుకు కట్టి ఉంది. ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. ఇనుప నిచ్చెన మీద తడి పచ్చగా కిందిదాకా బయటపడింది. ఆమె చేతి తొడుగులు వేసుకుని జాగ్రత్తగా దిగింది. ముందు భాగంలో లంగరు తాడు కొస చూసింది. కత్తి వేటు కొత్తది. తాడు పీచు ఇంకా విచ్చుకోలేదు. అంటే లెన్ నిజం చెప్పాడు. పడవ నిలబడి ఉంది.

సరంగు గది శుభ్రంగా ఉంది. చక్రం పక్కన దారి చూపించే తెర. దాని పైఅంచున రెండు చెక్క క్లిప్పులు, బట్టలారేసేటప్పుడు తీగ మీద పెట్టేవి. తెర కింద నేలమీద గళ్ల తువ్వాలొకటి పడి ఉంది. వంటింట్లో గిన్నెలు తుడుచుకునేలాంటిది. ఎన్నోసార్లు ఉతికి రంగు పోయినా, మడతలు మాత్రం ఇస్త్రీవే. తువ్వాలు పైఅంచున, సరిగ్గా క్లిప్పుల ఎడంలో, రెండు చోట్ల గుడ్డ నలిగిపోయి ఉంది. తువ్వాలు ఎత్తి తెరకు ఆనించింది. సరిగ్గా సరిపోయింది. పెథ్రిక్ భార్య ఈ తువ్వాలు ఎన్నిసార్లు వెతుక్కుని ఉంటుందోనని ఒక్క క్షణం అనిపించింది.

ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. సముద్రం అడుగున మునిగిన ఓడల చుట్టూ పెద్ద చేపలు గుంపుకడతాయి. అలాంటి చోటొకటి దొరికిన సరంగు దాన్ని ప్రాణంలా దాచుకుంటాడు. పడవ మాట్లాడుకున్నవాళ్లు కూడా తెర మీది అంకెలు చూడకూడదని గుడ్డ కప్పేస్తాడు. ఎక్కడున్నావని రేడియోలో సాటి సరంగు అడిగితే, ఉన్నచోటు తప్ప ఇంకేదైనా చెబుతాడు. ఈ రేవులో దాన్ని అబద్ధమని కూడా ఎవరూ అనరు. అయితే కారెగ్ తిన్నె మీద తెర కప్పుకునే పిచ్చివాడు మాత్రం ఎవడూ లేడు.

మీట నొక్కి తెర వెలిగించింది. దాచుకున్న చోట్ల జాబితా మొత్తం తుడిచేసి ఉంది.

వెనకభాగంలో మంచుగడ్డల పెట్టె మూత తీసింది. పైన ఓ డజను కానాగంత చేపలు. దారిలో ఎరకోసం పట్టినవి. చెయ్యి లోపలికి పెట్టి, మోచేతిదాకా మంచులో తవ్వింది. అడుగున ఏదో లావుగా, జారుడుగా తగిలింది. రెండు చేతులా పైకి లాగేసరికి నడుము పట్టేసింది. గోధుమరంగు చర్మం, పాములా పొడుగాటి ఒళ్లు. లింగ్ చేప. ఆమె ఒంటి పొడవుకు పెద్ద తక్కువేమీ లేదు. కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చాయి. కడుపు తిరగబడి ఎర్రటి బుడగలా నోట్లోంచి బయటకొచ్చింది.

చాలా లోతునుంచి ఒక్కసారిగా పైకి లాగిన చేపకే అలా అవుతుంది. కారెగ్ తిన్నె మీద మనిషి నిలబడితే ఆటుకు నడుము కూడా తడవని చోట్లున్నాయి.

లవ్‌డే ఆ చేపను మొప్పల్లో వేళ్లు దూర్చి పట్టుకుని, నిచ్చెనెక్కి, గట్టు దాటి, మెట్లెక్కి, ఫెల్ కాగితాలు పరుచుకున్న బల్లమీద తెచ్చి పడేసింది. అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. టీ ఒలికింది.

"ఇదేంటి?"

"మీ హంతకుడి సాక్షి."

లెన్ చేపను చూసి మొహం చేతుల్లో దాచుకున్నాడు. అది తానే పట్టానన్నాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి నెవిల్ చేపలన్నిటికన్నా పెద్దది పడింది. దాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగిన సంబరంలో ఉన్నప్పుడే వెనకనుంచి కేక వినబడింది. ఒడ్డుకు వస్తుంటే, మనిషి పోయి ఏడుస్తుంటే చేపను చూపించుకుంటావా, అవతల పారెయ్యమని పెథ్రిక్ గట్టిగా కసిరాడు. పారేస్తానని చెప్పి మంచు కింద దాచాడు.

"పారెయ్యలేకపోయాను మేడమ్," అన్నాడు లెన్. "వాడు దొరికితే వాడికి చూపిద్దామనుకున్నాను. వాడు చూడకపోతే ఇది పట్టినట్టే కాదు."

లవ్‌డే ఫెల్ వైపు తిరిగి, వాళ్లున్నది తిన్నె మీద కాదని, లోతు నీళ్లలో మునిగిన ఓడ మీదని, హెలికాప్టరు పొద్దుటినుంచీ తప్పుచోట తిరుగుతోందని రెండు ముక్కల్లో చెప్పింది. ఫెల్ ఆమెను వింతగా చూశాడు.

"ఒక తుప్పు పట్టిన ఓడ ఎక్కడుందో తెలియకూడదని, మనిషి మునిగిపోతుంటే తప్పుచోటు చెప్పాడంటారా? నమ్మమంటారా?"

"ఆ రేడియో ఈ రేవంతా వింటుంది. నిజం చెప్పిన మరుక్షణం ఆ చోటు అందరిదీ అయిపోతుంది. మా నాన్నకొకటి ఉండేది. మా అమ్మకి కూడా చెప్పకుండానే పోయాడు."

"మీ నాన్న సంగతి నాకెందుకు? అబద్ధమాడినవాడు అబద్ధానికి ఇంకో కారణం కూడా పెట్టుకుని ఉండొచ్చు. ఇద్దర్నీ ఇలాగే వేరువేరుగా ఉంచుదాం. ఒక్కొక్కణ్ణీ మొదటినుంచి అడుగుదాం."

"మీరు అడుగుతూ ఉండండి. చీకటి పడుతుంది."

"మీకెప్పుడూ తొందరే సార్జెంట్. అందుకే..." అని ఆగిపోయాడు.

అందుకే ఏమిటో ఇద్దరికీ తెలుసు. టామ్సిన్ రేడియో బొత్తాల్లోకి తల దూర్చేసింది. లవ్‌డే చెవులు వేడెక్కాయి. పెద్దాఫీసు నుంచి అతను వచ్చింది సాయానికేనని, తప్పిపోయిన మనిషి కేసు తనదేనని, హత్య అని అతను సంతకం పెట్టేదాకా తనదేనని నెమ్మదిగా గుర్తుచేసి పక్కగది తలుపు తీసింది.

పెథ్రిక్ ముందు తువ్వాలు పెట్టింది. దానిమీద రెండు క్లిప్పులు. చేప సంగతి చెప్పింది. తాడు సంగతి చెప్పింది.

అతను ఒక క్లిప్పు తీసుకుని వేళ్ల మధ్య నొక్కి చూశాడు.

"ఆ చేపని పారెయ్యమన్నాను వాణ్ణి," అన్నాడు.

"చోటు చెప్పు బాబాయ్."

"పాతికేళ్లమ్మాయ్. పాతికేళ్లు నేనొక్కణ్ణే పోయిన చోటు. ఆ టాంగై గాడు ఎన్నిసార్లు నా వెనక దీపాలార్పి వచ్చాడో నీకు తెలుసా? వీళ్లిద్దరూ వచ్చే ఆగస్టుకి ఎవరి పడవ మాట్లాడుకున్నారో తెలుసా? వాడిదే. తొమ్మిదేళ్లు నా చేతి టీ తాగి, నా చేతి ఎర గుచ్చుకుని, వాడి పడవ బాగా నున్నగా ఉందంట, మరుగుదొడ్డి ఉందంట. రేడియో చేతిలోకి తీసుకునేసరికి నోట్లోంచి తిన్నె పేరే వచ్చింది. ఎప్పుడూ అదే వస్తుంది. ఆ తర్వాత మార్చి చెప్పడానికి సిగ్గేసింది."

లవ్‌డేకి ఆ సిగ్గు అర్థమయింది. నల్లబల్ల మీద పక్కవాడి పేరు చూడలేక, తన చోటు ఇంకొకడిదైపోతే భరించలేక మనిషి ఎంత దూరం పోతాడో ఆమెకు తెలియనిది కాదు. తన కప్పులో ఇంకొకడు టీ తాగుతుంటేనే ఆమెకు కడుపు మండింది. అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకా బతికే ఉండొచ్చు. చెప్పు."

"ఇన్ని గంటలా? ఎక్కడి బతుకు?" అన్నాడు. తర్వాత అడిగాడు. "ఫోన్లో చెప్పమ్మాయ్, రేడియోలో వద్దు."

"హెలికాప్టరూ లైఫ్‌బోటూ రేడియోనే వింటాయి."

అతను కళ్లు మూసుకుని అంకెలు చెప్పాడు. మధ్యలో ఎక్కడా తడబడలేదు. పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. లవ్‌డే వాటిని రాసుకుని, అతన్ని వెంటబెట్టుకుని రేడియో గదిలోకి వచ్చింది. టామ్సిన్ వాటిని రేడియోలో రెండుసార్లు చదివింది. దక్షిణంగా, ఒడ్డు కనబడనంత దూరం. ఆమె చదువుతున్నంతసేపూ పెథ్రిక్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.  తర్వాత హెలికాప్టరు దిశ మార్చుకుంటున్నామంది. ఆ వెనకే, తిన్నె దగ్గర వెతుకుతున్న పడవలు ఒక్కొక్కటే తామూ బయల్దేరామన్నాయి. వాటిలో టాంగై గొంతు ఉంది. పెథ్రిక్ దవడ బిగుసుకుంది.

లవ్‌డే ఫెల్ వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించి, చూసింది. అతను తన కాగితాల మీద పడిన టీ మరకను చేతిరుమాలుతో అద్దుతున్నాడు. ఆమెకు ఎన్నాళ్లకో నాలుక మీద తీపి తగిలింది. టామ్సిన్ ఇంకో కప్పులో టీ పోసి ముందు ఆమెకే తెచ్చిచ్చింది.

"అమ్మాయ్, నీళ్లు తీసేస్తున్నాయి," అన్నాడు పెథ్రిక్ కిటికీలోంచి చూస్తూ. "పడవని లోతు నీళ్లలో తేలే బయటి బోయాకి మార్చి కట్టాలి. ఇక్కడే ఉంచితే గట్టుకు జారి పక్కకు ఒరిగిపోద్ది."

"ఎవరూ ఎక్కడికీ కదలరు," అన్నాడు ఫెల్. "ఆ పడవ సాక్ష్యం. వీళ్లిద్దరూ కూడా."

పడవ ఒరిగి నీళ్లు నిండితే సాక్ష్యమేముంటుందని లవ్‌డే అడిగింది. తాను చూడాల్సింది చూసేశానంది. నీళ్లు తీస్తే పడవ ఏమవుతుందో పెద్దాఫీసులో నేర్పరు కాబోలని కూడా అంది. ఆ చివరి మాట అవసరం లేదని అంటున్నప్పుడే తెలుసు. అయినా అంది.

"మీ మాట మీదే పంపిస్తున్నట్టు రాసుకుంటాను," అన్నాడు ఫెల్.

"రాసుకోండి."

ముందు తాడు పట్టడానికి ఇంకో మనిషి కావాలన్నాడు పెథ్రిక్. లెన్ వెంటనే లేచాడు. ఆ గదిలో, ఆ చేప పక్కన, ఫెల్ ఎదురుగా ఇక కూర్చోలేనన్నట్టు ఉంది అతని వాలకం. తొమ్మిదేళ్లుగా ఆ తాళ్లు కట్టి విప్పుతున్నవాడే. పెథ్రిక్ అతని వీపు తట్టి ముందుకు నడిపించాడు. ఇద్దరూ మెట్లు దిగారు.

కిటికీలోంచి చూస్తే 'సీ పింక్' గట్టు వదిలింది. పెథ్రిక్ సరంగు గదిలోకి వెళ్లాడు. లెన్ ముందు భాగాన తాడు చుడుతున్నాడు.

రేడియో గరగరలాడింది. హెలికాప్టరు మనిషి గొంతు గాలిహోరులో ముక్కలు ముక్కలుగా వచ్చింది. మనిషి దొరికాడు. బతికే ఉన్నాడు. ఎవరివో పీతలబుట్టల తేలుడు బంతిని పట్టుకుని, దాని తాడు చేతికి చుట్టుకుని వేలాడుతున్నాడు. పైకి లాగాం. స్పృహలోనే ఉన్నాడు.

టామ్సిన్ ఏడ్చేసింది. ఫెల్ లేచి నిలబడ్డాడు. లవ్‌డే దగ్గరకొచ్చి చెయ్యి చాచాడు. అందులో ఎకసెక్కం లేదు. ఆమె చెయ్యి అందుకోబోయింది.

"తల వెనక లోతైన గాయముంది," అంది రేడియో. "కర్రతో కొట్టినట్టుంది. పోలీసులకు ఒక మాట చెప్పమని పట్టుబడుతున్నాడు. అతను చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. 'పెథ్రిక్ కొట్టాడు. తువ్వాలు తీసి నా ఫోన్లో ఫొటో తీస్తుంటే చూశాడు. టాంగైకి ఇస్తావా అన్నాడు. ఇంకెవరికి తెలుసన్నాడు. ఇంకొకడికి కూడా తెలుసంటే నన్నొక్కణ్ణి ఏం చేస్తాడులే అని, లెన్ దగ్గర కూడా ఉందని చెప్పాను. లేదు. ఊరికే అన్నాను. లెన్‌కేం తెలీదు. లెన్ ఎక్కడ?' ఇంతే. మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నాడు, లెన్ ఎక్కడని."



లవ్‌డే కిటికీవైపు తిరిగింది. బయటి బోయా 'సీ పింక్'కి ఎడమపక్కన ఉంది. పడవ దాని దగ్గర ఆగలేదు. వేగం కూడా తగ్గించలేదు. రేవు నోటికి తిన్నగా పోతోంది. లెన్ ముందు భాగాన మోకాళ్ల మీద కూర్చుని, వీపు సరంగు గదివైపు పెట్టి, కొక్కెం కర్రతో బోయా అందుకోవడానికి చెయ్యి చాచి, అది దాటిపోవడం చూస్తున్నాడు.

ఫెల్ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. గట్టు మీద అతని కేక వినబడింది, పడవ కావాలని. లేదు. తేలే పడవలన్నీ ఆమె చదివించిన అంకెల వెంట దక్షిణానికి పోయాయి. మిగిలినవి బురదలో కూర్చున్నాయి.

ఆమె టామ్సిన్ చేతిలోంచి మైకు లాక్కుంది. ఇంతసేపూ ఈ గది రేడియోలో వినబడిందంతా ఆ పడవ రేడియోలోనూ వినబడి ఉంటుందని అప్పుడే గుర్తొచ్చింది.

"బాబాయ్, నేను లవ్‌డేని," అంది. "నెవిల్ బతికాడు. నీ మీద హత్య కేసు లేదు. లెన్ దగ్గర ఏమీ లేదు, అతనికి ఏమీ తెలియదు. ఆ చోటు ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, ఇక దాచుకోవడానికి కూడా ఏమీ లేదు. వెనక్కి తిప్పు."

హోరు. ఇంజను చప్పుడు. తర్వాత పెథ్రిక్ గొంతు. కోపం లేదు, వణుకు లేదు. చిన్నప్పుడు ఆమెను భుజం దించేటప్పుడు ఎలా మాట్లాడేవాడో అలాగే ఉంది.

"అందరికీ తెలిసిందంటే ఎవరివల్లమ్మాయ్? ఆ చేపని పారెయ్యమన్నాను వాణ్ణి."

రేడియో ఆగిపోయింది. రేవు నోటి దగ్గర 'సీ పింక్' మొదటి అల ఎక్కింది. లెన్ లేచి నిలబడి, ఎందుకు ఆపలేదని అడగడానికి సరంగు గదివైపు నడవడం మొదలుపెట్టాడు.